లేచి నడిచినవాళ్లు

అక్కని బస్సు గుద్దిన రోజు సాయంత్రం మేం ముగ్గురం కూర్చుని కడుపుబ్బ నవ్వుకున్నాం. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నానంటే ధైర్యం వచ్చి కాదు. మా బావ గురించి ఎవరి నోటికొచ్చింది వాళ్లు అంటున్నారు. ఒకడు దేవుడంటాడు, ఇంకొకడు హంతకుడంటాడు. ఆ మనిషిని ఇరవై ఏడేళ్లుగా దగ్గరనుంచి చూస్తున్నదాన్ని నేను. నాకు తెలిసింది చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

మా బావ బస్సు డిపోలో గుమాస్తా. బస్సు దేన్ని గుద్దినా, ఎవరిని గుద్దినా ఆ డ్రైవరు వచ్చి మొదట నిలబడేది ఆయన బల్ల ముందే. డ్రైవరు చెప్పింది విని కాగితం మీద పెట్టడం ఆయన పని. ఆ గది నాకు బాగా తెలుసు. డిపోవాళ్ల యూనిఫారాలు కుట్టేది నేనే కాబట్టి ఏడాదికి రెండుసార్లు కొలతల కోసం అక్కడే టేపు పట్టుకుని కూర్చుంటాను. వర్క్‌షాపు పక్కన ఇరుకు గది. కిటికీ తీస్తే డీజిలు పొగ, మూస్తే ఉక్క. గోడ పొడవునా ఇనప అరలు, వాటి నిండా తాళ్లతో బిగించి కట్టిన ఫైళ్లు. బల్ల మీద ఎప్పుడూ ఒక చెక్క దిమ్మ, ఒక స్టీలు గ్లాసు ఉంటాయి. దిమ్మ బస్సు, గ్లాసు అవతలివాడు. డ్రైవరు ఆ రెండింటినీ జరిపి ఎలా తగిలిందో చూపించాలి. చూపించడం అయ్యాక బావ అదే గ్లాసులో నీళ్లు పోసి అతనికే తాగమని ఇస్తాడు.

ఆ కాగితంలో 'రకం' అని ఒక గడి ఉంది. అందులో రాయడానికి మూడే మాటలు. టచ్, డాష్, యాక్సిడెంట్. రంగు గీసుకుపోతే టచ్. దాన్ని ఎవరూ పట్టించుకోరు. యాక్సిడెంట్ అని రాస్తే ఇక చూడండి, పోలీసులు, హెడ్డాఫీసు, విచారణ, లైసెన్సు లాక్కోవడం, నెలల తరబడి సస్పెన్షను. ఈ రెండింటికీ మధ్యలో ఉన్నది డాష్. మన నోళ్లలో ఆ మాట ఎంత తేలిగ్గా తిరుగుతుందో మీకు తెలియంది కాదు. గుమ్మంలో ఇద్దరికి భుజాలు రాసుకుంటే డాష్ ఇచ్చాడంటాం. సైకిలు వెళ్లి గోడకి తగిలితే డాష్. లారీ వెళ్లి లారీని నుజ్జు చేసినా డాష్ ఇచ్చిందనే అంటాం. ఆ మాట ఇంగ్లీషువాళ్లదే అయినా ఇలా వాడితే వాళ్లకే అర్థం కాదని మా అక్క కొడుకు అంటాడు. మనకి మాత్రం భుజం నుంచి శవం దాకా అన్నిటికీ సరిపోతుంది. డిపోలో దాని అర్థం ఇంకొకటి. డాష్ అని రాస్తే ఆ గొడవ డిపోలోనే ముగిసిపోతుంది. మేనేజరు సంతకం పెట్టి ఫైలు మూసేస్తాడు.

మా బావ ఇరవై ఆరేళ్లుగా రాసింది దాదాపు అంతా డాషే. అందుకే డిపోలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. డాష్ గారు అంటారు, అంతే.

ఊరికే రాసేవాడు కాదు. దానికి వెనకాల ఒక కథ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక డ్రైవరు సైకిలువాణ్ణి పడేశాడని వచ్చాడు. మా బావ నిబంధనల పుస్తకం ముందు పెట్టుకుని, మనిషికి తగిలింది కదా అని యాక్సిడెంట్ అని రాసేశాడు. ఆ సైకిలువాడికి మోచెయ్యి దోక్కుపోయింది, అంతకు మించి ఏమీ లేదు. డ్రైవరుకి మాత్రం ఎనిమిది నెలలు పని పోయింది. బతకాలి కదా, గోదాములో బస్తాలు మోశాడు. నడుం విరిగింది. మళ్లీ పిలిచేసరికి సీట్లో కూర్చోలేకపోయాడు. అతని భార్య ఒకరోజు బావ బల్ల దగ్గరికి వచ్చి, "ఆ మాట రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి నాయనా?" అని అడిగి వెళ్లిపోయిందట. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని బావ ఎన్నోసార్లు అన్నాడు.

ఆ రోజు నుంచి ఏ డ్రైవరు వచ్చినా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే.

"అవన్నీ తర్వాత. ముందు ఇది చెప్పు. పడ్డవాడు లేచి నడిచాడా, లేదా?"

లేవకపోతే యాక్సిడెంట్. అందులో మొహమాటం లేదు. లేచి నడిస్తే డాష్. కాగితం మీద చివరి వాక్యం ఎప్పుడూ ఒకటే, 'లేచి నడిచి వెళ్లినారు' అని. డ్రైవర్లు ఆయనకి దండాలు పెట్టేవాళ్లు. వాళ్ల ఇళ్లలో పిల్లలు పుడితే ముందు కబురు మా బావకే వచ్చేది. నేను వెక్కిరించేదాన్ని, "నీదేం పోయింది బావా, నువ్వు పడలేదు, నీ మీద పడలేదు" అని. నా నోటి దురుసుకి ఆయన నాకు కత్తెర అని పేరు పెట్టాడు. "ఒసే కత్తెరా, లేచి నడిచినవాడికి ఏమవుతుందే?" అనేవాడు. నాకూ అది నిజమే అనిపించేది. లేచి నడిచినవాడికి ఏమవుతుంది?

ఆ రోజు మధ్యాహ్నం ఒక కొత్త డ్రైవరు వణికిపోతూ ఆ గదికి వచ్చాడు. మార్కెట్ స్టాపు దగ్గర బండి వెనక్కి తీస్తుంటే వెనకాల ఒకావిడ ఉందట. బస్సు తగిలి వెల్లకిలా పడింది. జనం అరిస్తే ఇతను దిగి పరిగెత్తాడు. ఈలోగా ఆవిడే లేచి, బట్టలు దులుపుకుని, ఒక కాలి చెప్పు ఎక్కడో పడితే వెతుక్కుని తొడుక్కుని, "ఏం కాలేదులే బాబూ" అని సంచీ పట్టుకుని వెళ్లిపోయింది. బావ అతనికి నీళ్లిచ్చాడు. 'స్త్రీ. వయసు సుమారు యాభై. లేచి నడిచి వెళ్లినారు. డాష్.' రెండు నిమిషాల్లో రాసేశాడు. ఆ డ్రైవరుకి పోయిన నెలే కవలలు పుట్టారు. ఆ సంగతి కూడా బావకి తెలుసు.

సాయంత్రం నేను అక్కావాళ్లింటికి వెళ్లాను, తలుపు కర్టెన్లకి కొలతలు తీద్దామని. అక్క పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూడగానే నవ్వుతూ, "ఏమే, ఇవాళ నాకు బస్సు డాష్ ఇచ్చిందే!" అంది. ఏదో బహుమతి వచ్చినట్టు చెప్పింది. నేను కంగారుపడితే, "ఏంలేదే, వీపు దులిపి వదిలేసింది. తల వెనకాల కాస్త బొప్పి కట్టింది" అని నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టి చూపించింది. పెద్ద ఉసిరికాయంత ఉంది. చర్మం చిట్లలేదు, నెత్తురు లేదు.

అంతలో బావ వచ్చాడు. అక్క మళ్లీ మొదటినుంచీ చెప్పింది. మార్కెట్ స్టాపు అనగానే బావ చెప్పులు విడుస్తున్నవాడల్లా ఆగాడు.

"చెప్పు ఊడిందా?"

"ఊడింది. మీకెలా తెలుసు?"

"పన్నెండున్నర అప్పుడా?"

"అవునండీ!"

బావ గుమ్మంలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "ఓసినీ, అది నువ్వేనా! నీ రిపోర్టు నేనేనే రాసింది!"

అక్కకి నవ్వాగలేదు. ఏం రాశారు, ఏం రాశారు అని వెంటపడింది. బావ కాగితం చదువుతున్నట్టు నిలబడి గొంతు సవరించుకుని, "స్త్రీ. వయసు సుమారు యాభై" అన్నాడు.

"యాభయ్యా! నాకు నలభై ఏడండీ! ముందు అది దిద్దండి, లేకపోతే నేనే డిపోకొచ్చి కంప్లైంటు ఇస్తాను!"

ఇంక చూడండి. నేను కర్టెను గుడ్డలో మొహం పెట్టుకుని నవ్వాను. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. బావకి కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ డ్రైవరు వణికిపోతూ వచ్చాడని, అతనికి పోయిన నెలే కవలలు పుట్టారని కూడా ఆ నవ్వుల్లోనే చెప్పాడు. ఇప్పటికీ ఎక్కడైనా ముగ్గురు కలిసి నవ్వుతుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ నవ్వుతున్నంతసేపూ అక్క తల లోపల నెత్తురు చేరుతోంది. మాకు తెలీదు. దేవుడా, మాకు తెలీనే తెలీదు.

కాసేపటికి అక్క నన్ను, "ఏమే, ఎప్పుడొచ్చావు?" అని అడిగింది. వేళాకోళం అనుకున్నాను. కూరలో ఉప్పు వేసింది. ఒక నిమిషం ఆగి మళ్లీ వేసింది. నేను గరిటె లాక్కున్నాను. "తల పగిలిపోతోందే" అని గోడకి ఆనుకుంది. గ్లాసులోకి నీళ్లు వంపుతుంటే ధార గ్లాసు పక్కన పడుతోంది, అక్క మాత్రం గ్లాసు వైపే చూస్తోంది. తర్వాత వాంతి చేసుకుంది.

"బావా, ఆస్పత్రికి పద."

"ఉండవే, ఎండలో తిరిగొచ్చింది. కాస్త పడుకుంటే అదే తగ్గుతుంది."

"బస్సు గుద్దింది బావా!"

"గుద్దడమేంటే, చిన్న డాష్. నేను రాశాను కదా! అక్కడినుంచి ఇంటిదాకా నడిచే వచ్చింది. వంట చేసింది. ఇందాకటిదాకా మనతో నవ్వింది."

నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. మొండితనం అనుకోకండి, ఆయన మొండివాడు కాదు. ఇరవై ఆరేళ్లు తను నమ్మి రాసిన మాట తన ఇంట్లోకి వచ్చాక అబద్ధం అవుతుందని ఆయన బుర్రకి ఎక్కలేదు. ఆ వాదనలో అరగంట పోయింది. చివరికి అక్క నా వైపు చూసి, "అమ్మా, స్కూలుకి టైమైంది" అంది. మా అమ్మ పోయి పదకొండేళ్లయింది. ఇంక బావని అడగలేదు. వీధిలోకి పరిగెత్తి దొరికిన టాక్సీ ఆపి, అక్కని రెక్క పట్టుకుని లాక్కెళ్లాను. బావ వెనకాలే ఎక్కాడు.

ఆస్పత్రి గుమ్మంలో ఒక బల్ల, వెనక నర్సు. వచ్చినవాళ్లకి ఏమైందో రాసుకుని, ఎవరిని లోపలికి పంపాలో ఎవరిని బెంచీల మీద కూర్చోబెట్టాలో తేల్చేది ఆవిడే. అక్కని ఒక కుర్చీలో కూర్చోబెట్టాం.

"ఏమైందండీ?"

"చిన్న డాష్ అండీ" అన్నాడు బావ. "లేచి నడిచింది."

ఆవిడ రాసుకుని బెంచీల వైపు చెయ్యి చూపించింది. అక్కడ మాకంటే ముందు పదిమంది దాకా ఉన్నారు. వేలు తెగినవాళ్లు, కాలు బెణికినవాళ్లు, దగ్గుతున్నవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది.

"డాషేంటమ్మా! బస్సు! బస్సు గుద్దింది! తల నేలకి కొట్టుకుంది! మా అక్క నన్ను అమ్మా అంటోంది!"

నర్సు పెన్ను ఆపింది. "ఆయనొకటి చెప్తారు, మీరొకటి చెప్తారు. యాక్సిడెంట్ అయితే నేను లోపలికి పంపించి, పోలీసులకి ఫోన్ చెయ్యాలి. మీరు భర్త కదా సార్, మీరు చెప్పండి. డాషా, యాక్సిడెంటా?"

మా బావ నోరు తెరిచాడు. మాట రాలేదు.

నేను ఆయన మొహంలోకి చూస్తున్నాను. అక్కడ ఏం తిరుగుతోందో నాకు అద్దంలో చూసినట్టు కనిపించింది. యాక్సిడెంట్ అంటే పోలీసులు డిపోకి వస్తారు. కవలల తండ్రి ఉద్యోగం పోతుంది. తను రాసిన కాగితం దొంగ కాగితం అవుతుంది. ఎంతసేపు ఆగాడు? మూడు క్షణాలు కావచ్చు, నాలుగు కావచ్చు. ఆ నాలుగు క్షణాలకి నేను ఆయన్ని ఈనాటికీ క్షమించలేదు, ఆయనకీ అది తెలుసు.

ఆ ఖాళీలో మాట్లాడింది ఎవరో తెలుసా? అక్క. కళ్లు సగం మూసుకుని, నాలుక మడతపడుతుంటే, "డాష్ అనే రాయండమ్మా... ఆ అబ్బాయికి చిన్నపిల్లలు" అంది. అని కుర్చీలోంచి పక్కకి జారిపోయింది.

అప్పుడు అరిచాడు మా బావ. "యాక్సిడెంట్! యాక్సిడెంట్ అండీ! బస్సు గుద్దిందండీ!" హాల్లో ఉన్నవాళ్లందరూ లేచి నిలబడ్డారు.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ నాకంటే చిన్నది. బయటికొచ్చి బతికిందని చెప్పింది. ఇంకో గంట ఆలస్యమైతే చెయ్యడానికి ఏమీ మిగిలేది కాదంది. "ఎన్నింటికి తగిలింది?" అని అడిగింది.

"పన్నెండున్నరకి" అన్నాను.

"మరి ఏడింటిదాకా ఏం చేశారు?"

బావ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ మెత్తగానే చెప్పింది. తలకి తగిలినప్పుడు లోపల నెత్తురు కొంచెం కొంచెంగా చేరవచ్చు, అది నిండేదాకా మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు, లేస్తాడు, నడుస్తాడు, మాట్లాడతాడు, నవ్వుతాడు కూడా అని.

మర్నాడు పొద్దున్నే బావ డిపోకి వెళ్లి, తన కాగితం తనే తీసి, డాష్ అన్నదాన్ని కొట్టేసి యాక్సిడెంట్ అని రాసి మేనేజరు ముందు పెట్టాడు. డ్రైవరుని సస్పెండ్ చేశారు. బావకి మెమో ఇచ్చారు. అక్క కాస్త తేరుకున్నాక ఆ అబ్బాయిని క్షమించమని ఉత్తరం రాయించి పంపింది. మూడు నెలలకి అతన్ని మళ్లీ తీసుకున్నారు. కథ ఇక్కడితో అయిపోయి ఉంటే మేం కూడా అందరిలాగే బతికిపోయాం అనుకునేవాళ్లం.

అక్క పంతొమ్మిదో రోజున ఇంటికొచ్చింది. గుండు మీద పెట్టుకోవడానికి నేను మెత్తటి టోపీ కుడుతున్నాను. బావ అక్కకి పళ్లముక్కలు తినిపిస్తున్నాడు. అది నములుతూ నములుతూ ఆపి, చాలా మామూలుగా అడిగింది.

"నన్నంటే ఇది లాక్కెళ్లిందండీ. మిగతావాళ్లని ఎవరు లాక్కెళ్లారు?"

"ఏ మిగతావాళ్లు?"

"అదే, మీరు రాసేవారు కదా. లేచి నడిచి వెళ్లినవాళ్లు."

బావ చేతిలో పళ్లెం వంకరైంది. ముక్కలన్నీ పక్క మీద పడ్డాయి. ఆయన ఏరలేదు. నాకు కూడా అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. ఇరవై ఆరేళ్లలో ఒక్కడు కూడా, ఒక్కసారి కూడా, వాళ్లు నడిచి ఎక్కడికి వెళ్లారని అడగలేదు. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

తెల్లారాక సెలవు పెట్టి, ఆ సెలవులో డిపోకే వెళ్లాడు. అరల మీది ఫైళ్లన్నీ దించాడు. మనిషికి తగిలి, డాష్ అని తను రాసిన కాగితాలు నాలుగు వందల పన్నెండు తేలాయి. వాటిలో ఇంటి అడ్రసు ఉన్నవి అరవై మూడు. మిగతా మూడు వందల నలభై తొమ్మిది మందికి పేరూ లేదు, వీధీ లేదు. ఒక పురుషుడు. ఒక స్త్రీ. ఒక ముసలావిడ, చేతిలో గొడుగు. వాళ్లు ఏమయ్యారో ఇక ఎవరికీ తెలీదు. ఆ అరవై మూడూ ఒక నోటుబుక్కులో ఎక్కించుకుని ఇంటికొచ్చాడు.

"వీళ్లని చూసొస్తానే కత్తెరా. నా వల్ల ఎవరికైనా ఏమైనా అయిందా, నాకు తెలియాలి. తెలీకుండా నేను బతకలేను."

ఒక్కణ్ణీ పంపలేక నేనూ వెళ్లాను. మిషను మీద గుడ్డ కప్పేసి, రోజుకి రెండు ఇళ్లు, మూడు ఇళ్లు.

మొదటి ఇల్లు ఒక మంగలిది. గడ్డం గీస్తున్నవాడు కత్తి పక్కన పెట్టి, "ఓ, అదా! నేనే మర్చిపోయానండీ!" అని నవ్వి, మాకు కుర్చీలు వేశాడు. రెండో ఇంటివాళ్లు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఇంకో ఇంట్లో ఒకావిడ మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి, ఆ రోజు పగిలిపోయిన పింగాణీ కప్పుల గురించి అరగంట తిట్టింది. బావ ఆ తిట్లన్నీ చేతులు కట్టుకుని ఎంత సంతోషంగా విన్నాడో! అంత గట్టిగా తిడుతోందంటే ఆవిడ నిక్షేపంలా ఉన్నట్టే కదా. ఒక్కో ఇల్లు దాటుతున్నకొద్దీ ఆయన మొహం విచ్చుకుంది. ఇరవై రెండు ఇళ్లు అయ్యేసరికి దారిలో ఈల కూడా వేశాడు.

"ఎవరికీ ఏమీ కాలేదే కత్తెరా! మీ అక్క ఒక్కత్తికే అలా అయింది. అది మన ఖర్మ, అంతే."

నేనూ ఊపిరి పీల్చుకున్నాను. అబద్ధమెందుకు, ఇంక చాలు, ఇంటికి పోదాం అన్నాను. ఈ ఒక్కటీ చూసి పోదాం అన్నాడు.

ఆ ఒక్కటీ తొమ్మిదేళ్లనాటి కాగితం. 'పురుషుడు. వయసు సుమారు ఇరవై. సైకిలు. లేచి నడిచి వెళ్లినారు. డాష్.' ప్రింటింగు ప్రెస్సు మీద మేడ. మెట్లెక్కి తలుపు కొడితే ఒక పెద్దాయన తీశాడు. నుదుటి మీద నల్లటి భూతద్దం ఉంది. గడియారాలు బాగుచేసే మనిషి. బావ తను డిపోనుంచి వచ్చానని చెప్పి, అలవాటైన మాటలే మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ల కిందట మీ అబ్బాయికి బస్సు తగిలింది కదండీ, అప్పుడు లేచి నడిచి వెళ్లాడని మా దగ్గర ఉంది, ఎలా ఉన్నాడో కనుక్కుందామని వచ్చాం అన్నాడు.

పెద్దాయన మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు. తలుపు మీద చెయ్యి తియ్యలేదు.

"నడిచాడు" అన్నాడు. "సైకిలు తోసుకుంటూ ఇక్కడిదాకా నడిచాడు. చైను ఊడింది నాన్నా, సాయంత్రం బిగిస్తాను అన్నాడు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు. సాయంత్రం వాళ్లమ్మ లేపితే లేవలేదు."

"డిపోకి వచ్చాను. చిన్న డాష్ అని రాసి ఉంది, ఫైలు మూసేశాం అన్నారు. ఎవరు రాశారో ఆయన్ని ఒక్కసారి చూపించండి, నేను ఆయనకి చెప్పుకుంటాను అన్నాను. లోపలికి పంపించలేదు. నాలుగుసార్లు వచ్చాను. తర్వాత ఓపిక లేక మానేశాను."

బావ పెదాలు కదులుతున్నాయి. ఈసారి ఆగుతాడేమో అని నేను భయపడ్డాను. ఆగలేదు.

"రాసింది నేనేనండీ. మీరు వచ్చినప్పుడు ఆ పక్క గదిలోనే ఉన్నాను."

"నాలుగుసార్లూనా?"

"నాలుగుసార్లూ ఉండే ఉంటాను."

నేనైతే లాగి చెంప మీద కొట్టేదాన్ని. కొడతాడనే అనుకున్నాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. తలుపు బార్లా తీసి పక్కకి తప్పుకున్నాడు.

ఒకటే గది. కిటికీ పక్కన మంచం. మంచానికి ఆనించి ఆయన పనిబల్ల, దాని మీద విప్పిన గడియారాలు, చిన్న చిన్న మరలు. పని చేసుకుంటూ తల తిప్పకుండానే కొడుకుని చూసుకోవడానికి వీలుగా వేసుకున్నాడు. మంచం మీద ముప్పై ఏళ్ల మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. జుట్టు శుభ్రంగా దువ్వి ఉంది. వెనకనుంచి చూస్తే నిద్రపోతున్నాడనే అనుకుంటాం. అతని మెడ దగ్గర తువ్వాలు మడత పెట్టి ఉంది, చొంగ కారకుండా. బావ మంచం దాకా వెళ్లలేక గది మధ్యలోనే నిలబడిపోయాడు. ఏడవలేదు. ఆయన చేతులు రెండూ తన చొక్కా అంచు పట్టుకుని నలుపుతున్నాయి.

పెద్దాయన బల్ల మీద ఒక గడియారం చూశాడు.

"మూడయింది. వాణ్ణి ఇటు తిప్పాలి. రెండు గంటలకోసారి తిప్పకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ ఇద్దరం తిప్పేవాళ్లం. ఆవిడ పోయాక ఒక్కణ్ణీ చెయ్యలేకపోతున్నాను. మీరొక చెయ్యి వెయ్యండి."

బావ వెళ్లి అతని భుజం కింద చెయ్యి పెట్టాడు. పెద్దాయన నడుం పట్టుకున్నాడు. నేను కాళ్లు పట్టుకున్నాను. ఎంత బరువున్నాడో! ముగ్గురికీ ఊపిరి అందలేదు. చచ్చీ చెడీ ఇటు తిప్పాం. అతని కళ్లు తెరిచే ఉన్నాయి. అవి మా బావ మొహం మీద ఆగాయి, అక్కడే ఉండిపోయాయి.

పెద్దాయన తువ్వాలు మార్చి, భూతద్దం కంటిమీదికి దించుకుని పనిలో కూర్చున్నాడు. "మళ్లీ ఐదింటికి" అన్నాడు.

నేను బావని చూశాను. ఆయన స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు.